పాత ఇంజన్‌కూ కొత్త గేర్‌బాక్స్‌కూ వియ్యం

1951 నాటి షెవర్లే 3100 పికప్‌ను ఇవాళ అమెరికా హైవే మీద గంటకు 60 మైళ్ళ వేగంతో నడిపితే ఇంజన్ ఎంత కష్టపడుతుందో ముందు లెక్క వేద్దాం. 28 అంగుళాల ఎత్తున్న టైరు మైలు దూరానికి 720 చుట్లు తిరుగుతుంది. గంటకు 60 మైళ్ళంటే నిమిషానికి ఒక మైలు, అంటే నిమిషానికి 720 చుట్లు. వెనక ఇరుసులో పళ్ళ నిష్పత్తి 4.11. టాప్ గేరులో, అంటే ఈ బండికి మూడో గేరులో, గేర్‌బాక్స్ ఏమీ కలపదు, ఏమీ తీసెయ్యదు. కాబట్టి 720ని 4.11తో గుణిస్తే ఇంజన్ నిమిషానికి దాదాపు 2960 చుట్లు తిరగాలి. 216 క్యూబిక్ అంగుళాల ఆ ఆరు సిలిండర్ల ఇంజన్ తన పూర్తి బలం చూపించేదే 3300 దగ్గర. పైగా దాని కనెక్టింగ్ రాడ్లలో ఉన్నవి విప్పి మార్చుకునే బేరింగ్ షెల్స్ కావు, రాడ్డులోనే పోతపోసిన బాబిట్ లోహం. వాటికి ఆయిలు కూడా పంపు ఒత్తిడితో లోపలి దారుల గుండా రాదు. రాడ్డు అడుగున ఉన్న చిన్న చెంచా ఆయిలును అందుకుని తన బేరింగుకు తానే పోసుకోవాలి. దేశం ఈ చివర నుంచి ఆ చివరకు గంటల తరబడి అదే వేగంతో పోవడానికి చేసిన ఏర్పాటు కాదది.

అలాగని బండిని తప్పుపట్టలేం. పొలం నుంచి ఊళ్ళోకి గడ్డిమోపులూ పాల క్యాన్లూ మోయడానికి పుట్టిన బండి. అమెరికాలో అంతర్రాష్ట్ర హైవేల చట్టం వచ్చింది 1956లో, ఈ బండి పుట్టిన అయిదేళ్ళకు. ఈ కుటుంబం మనకు మరీ పరాయిది కూడా కాదు. బొంబాయి శివారు సివ్రీలో జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా షెవర్లే కార్లనూ లారీలనూ బిగించి అమ్మింది. ఇప్పుడు వాటిని బాగుచేసి నడుపుకుంటున్న వాళ్ళు మాత్రం ఎక్కువగా అమెరికాలోనే ఉన్నారు. వాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే కోరిక ఒకటే: ఐదో గేరు.

ఆ కోరిక తీర్చడానికి అక్కడ ఎక్కువమంది వెతికేది టీ5 అనే ఐదు గేర్ల బాక్స్, అందులోనూ షెవర్లే ఎస్-10 అనే చిన్న పికప్‌లో వచ్చిన రకం. దాని గేరు రాడ్డు మిగతా టీ5ల కంటే ముందుకు ఉంటుంది. పాత ట్రక్కులోని బెంచీ సీటుకు తగలకుండా సరిగ్గా నేలలోంచి పైకి వస్తుంది. ఐదో గేరు నిష్పత్తి 0.72 ఉన్న బాక్స్ దొరికితే మన 2960 కాస్తా 2130కి దిగుతుంది. 0.86 ఉన్నది దొరికితే 2545. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి. అమ్మేవాడికి ఆ తేడా తెలియకపోవచ్చు. తెలిసినా చెప్పకపోవచ్చు.

ఇంకో దారి ఎస్‌ఎం420 అనే నాలుగు గేర్ల బాక్స్. 1947 నుంచి 1967 దాకా జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో వచ్చిన ఇనుప దుంగ అది. మొదటి గేరు 7.05. ఇంజన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంటే బండి గంటకు నాలుగున్నర కిలోమీటర్లు పోతుంది, అంటే పక్కన మనిషి నడిచి మాట్లాడుతూ రావచ్చు. కానీ నాలుగో గేరు 1.00 కాబట్టి హైవే మీద ఇంజన్‌కు ఒరిగేదేమీ లేదు. మొద్దులు లాగే పని ఉన్నవాళ్ళకు ఇది బంగారం. లేనివాళ్ళకు బరువు.

బాక్స్ ఏదైనా కావచ్చు, దాన్ని కొని షెడ్డులో దింపిన రోజు అందరికీ సగం పని అయిపోయినట్టే ఉంటుంది. కష్టమంతా ఆ బాక్స్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉన్న జానెడు చీకట్లో ఉంది. ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, పైలట్ బుష్ ఉండేది అక్కడే. కొత్త గేర్‌బాక్స్ వస్తే ఇందులో ఏది పాతది ఉంచాలి, ఏది కొత్తది వెయ్యాలి? పార్టుల కొట్టుకెళ్ళి '1951 షెవర్లే క్లచ్ సెట్' అని అడిగితే వాళ్ళు నిజాయితీగా 1951 షెవర్లే క్లచ్ సెట్టే ఇస్తారు. మీ దగ్గర ఇప్పుడున్నది 1951 షెవర్లే కాదన్న సంగతి వాళ్ళకు తెలియదు కదా.

ఇక్కడ ఇంజన్, గేర్‌బాక్స్ వియ్యంకులు. మధ్యలో ఉన్న ఒక్కో పార్టూ ఒక చివర ఒక ఇంటికి, రెండో చివర రెండో ఇంటికి నచ్చాలి. పైలట్ బుష్ బయటి వ్యాసం ఇంజన్‌ది, లోపలి రంధ్రం గేర్‌బాక్స్‌ది. క్లచ్ ప్లేటు బయటి అంచు ఇంజన్ వైపుది, నడుమనున్న పళ్ళు గేర్‌బాక్స్‌వి. రిలీజ్ బేరింగు లోపలి వ్యాసం గేర్‌బాక్స్‌ది, పొడవు ప్రెషర్ ప్లేటుది, వీపున పట్టుకునే గాడి దాన్ని తోసే ఫోర్కుది, అంటే దానికి మూడిళ్ళు. ఫ్లైవీల్‌కు గేర్‌బాక్స్‌తో చుట్టరికం లేదు. దాని సంబంధాలు క్రాంక్‌తోనూ, స్టార్టర్‌తోనూ, ప్రెషర్ ప్లేటుతోనూ. ఇది మనసులో ఉంటే బండి పేరుతో, సంవత్సరంతో పార్టు అడగడం మానేసి, రెండు చివరలా కొలత తీసుకుని అడుగుతాం. డెబ్బై ఏళ్ళలో ఆ బండి ఎన్ని చేతులు మారిందో, ఏ యజమాని ఏ రాత్రి ఏ ఇంజన్ దించి ఏది ఎక్కించాడో రిజిస్ట్రేషన్ కాగితం మీద రాసి ఉండదు.

అన్నిటికంటే చిన్నదానితో మొదలుపెడదాం. గేర్‌బాక్స్ లోంచి ముందుకు వచ్చే ఇన్‌పుట్ షాఫ్టు చివర సన్నని ముక్కు ఉంటుంది. ఆ ముక్కు క్రాంక్ షాఫ్టు వెనక గుంటలో ఉన్న బుష్‌లో కూర్చుని తిరుగుతుంది. అదే పైలట్ బుష్. జనరల్ మోటార్స్ వి8 ఇంజన్లలో క్రాంక్ గుంటకు సరిపోయే బయటి వ్యాసం 1.094 అంగుళాలు, ముక్కుకు సరిపోయే రంధ్రం 0.590. ఫోర్డ్ బాక్స్‌ల ముక్కు 0.668. ఫోర్డ్ ముస్టాంగ్ కారులోని టీ5 చవగ్గా దొరికిందని తెచ్చి షెవర్లేకు పెట్టబోతే మొదట అడ్డం తిరిగేది ఇక్కడే. రంధ్రం చిన్నది, ముక్కు లావు. దీనికి మందు సులభం. బయట ఇంజన్ కొలతతో, లోపల బాక్స్ కొలతతో బుష్ ఒకటి తిప్పించుకుంటే చాలు, లేత్ మీద పావుగంట పని. అయితే లోహం ఆయిలు పీల్చుకుని ఉండే రంధ్రాల కంచు కావాలి. మామూలు ఇత్తడి కడ్డీ తెచ్చి తిప్పితే కొన్నాళ్ళకు షాఫ్టును తినేస్తుంది, లేదా షాఫ్టే దాన్ని తింటుంది. ఆ కంచు బుష్‌కు గ్రీజు రాయకూడదు, రంధ్రాలు పూడుకుపోతాయి. ఇంజన్ ఆయిల్లో ఒక రాత్రి నానబెట్టి కొట్టుకోవడం మేలు.

పాత బుష్ బయటికి తీయడానికి పుల్లర్ లేకపోతే పాత ఉపాయం ఒకటుంది. రంధ్రం నిండా గ్రీజు కూరి, అందులో బిగుతుగా పట్టే కడ్డీ పెట్టి సుత్తితో కొడితే గ్రీజు వెనక నుంచి బుష్‌ను బయటికి తోసేస్తుంది. అమెరికా షెడ్లలో గ్రీజు బదులు తడిపిన బ్రెడ్ కూరేవాళ్ళున్నారు, తుడుచుకోవడం తేలికని. మనవాళ్ళెవరైనా మిగిలిపోయిన ఉప్మాతో ప్రయత్నించారో లేదో గానీ, సిద్ధాంతం ప్రకారం పనిచెయ్యాలి.

ఇక క్లచ్ ప్లేటు. డబ్బూ ఓర్పూ ఎక్కువగా పోయేది ఇక్కడే. ప్లేటు నడుమ రంధ్రంలో గాళ్ళు ఉంటాయి, వాటినే స్ప్లైన్లంటారు. అవి ఇన్‌పుట్ షాఫ్టు మీది గాళ్ళతో సరిపోవాలి. పాత షెవర్లే ట్రక్కు బాక్స్‌ల షాఫ్టు వ్యాసం అంగుళం ఎనిమిదో వంతు, మన వడ్రంగుల లెక్కలో అంగుళం మీద ఒక నూలు. దాని మీద లావుపాటి 10 గాళ్ళు. ఎస్-10 టీ5 షాఫ్టు సరిగ్గా అంగుళం, 14 గాళ్ళు. కమారో కారులో వి8కు వచ్చిన టీ5 షాఫ్టు మళ్ళీ అంగుళం ఎనిమిదో వంతే, కానీ 26 సన్న గాళ్ళు. పాత ప్లేటు ఎస్-10 షాఫ్టు మీద పట్టదు, కమారో షాఫ్టు మీద ఎక్కదు. ఎక్కకపోవడం మంచిదే, తప్పు అప్పుడే తెలుస్తుంది.

ప్రమాదమంతా ఎక్కి కూర్చునేదానితో. ఫోర్డ్ టీ5 షాఫ్టుకూ 10 గాళ్ళే, వ్యాసం అంగుళం పదహారో వంతు. అంటే షెవర్లే ప్లేటు కంటే అర నూలు తక్కువ. లెక్కపెట్టి చూస్తే పది, పది. ప్లేటు హాయిగా షాఫ్టు మీదికి జారుతుంది, కాస్త లూజుగా ఉన్నట్టనిపిస్తే కొత్త కదా అనుకుంటాం. బిగించి నడిపితే క్లచ్ వదిలిన ప్రతిసారీ టక్కుమని చప్పుడు, కొన్నాళ్ళకు గాళ్ళు అరిగి కత్తుల్లా తేలతాయి. అందుకే గాళ్ళు లెక్కపెట్టడమే చాలదు, వెర్నియర్‌తో వ్యాసం కూడా చూడాలి. లెక్కపెట్టేటప్పుడు మొదటి గాడి మీద పెయింటు చుక్క పెట్టుకోండి. 26 గాళ్ళ షాఫ్టును ముగ్గురు లెక్కపెడితే మూడు సంఖ్యలు వస్తాయి.

ప్లేటు బయటి వ్యాసాన్ని నిర్ణయించేది ప్రెషర్ ప్లేటు, ప్రెషర్ ప్లేటును నిర్ణయించేది ఫ్లైవీల్ మీద బోల్టు రంధ్రాలు. కాబట్టి పాత ఫ్లైవీల్, పాత సైజు ప్రెషర్ ప్లేటు ఉంచుకుని, నడుమ గాళ్ళు మాత్రం కొత్త బాక్స్‌వి ఉన్న ప్లేటు వెతకాలి. అలాంటి ప్లేటు పాత బండి పార్టుల జాబితాలో ఉండదు. అయినా దొరుకుతుంది, ఎందుకంటే ఇదే వియ్యం మనకంటే ముందు చాలామంది కలిపారు. దొరక్కపోతే క్లచ్ ప్లేట్లు తిరిగి తయారుచేసే షాపులో ఒకదాని అంచునూ ఇంకొకదాని నడుమనూ కలిపి రివిట్లు కొట్టించుకోవచ్చు. ప్లేటు బిగించేటప్పుడు ఏ ముఖం ఫ్లైవీల్ వైపో చూసుకోవాలి. నడుమ ఉబ్బెత్తుగా ఉన్న స్ప్రింగుల వైపు సాధారణంగా గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. తిరగేసి పెడితే ఆ ఉబ్బు ఫ్లైవీల్ బోల్టుల తలలకు తగిలి, పెడల్ నేలకు తొక్కినా క్లచ్ వదలదు. ప్లేటు మీద ఇంగ్లీషులో 'ఫ్లైవీల్ సైడ్' అని రాసే ఉంటుంది. అది రాసి ఉందన్న సంగతి గేర్‌బాక్స్ మళ్ళీ దింపాకే కనిపించడం ఆనవాయితీ.

ఫ్లైవీల్ ఉంచుకోవడమే మేలన్నాను. కానీ చాలామంది ఈ పనితో పాటే 6 వోల్టుల కరెంటు నుంచి 12 వోల్టులకు మారాలనుకుంటారు, లేదా ఇంజనే మారుస్తారు. అప్పుడు పళ్ళ గొడవ వస్తుంది. ఆ ఆరు సిలిండర్ల ఇంజన్లకు 6 వోల్టుల కాలంలో ఫ్లైవీల్ అంచున 139 పళ్ళ రింగు ఉండేది. 1955లో 12 వోల్టులు వచ్చాక 168 పళ్ళు. 139 పళ్ళు లావు, 168 పళ్ళు సన్నం. ఒకదాని స్టార్టర్‌ను ఇంకోదానికి బిగిస్తే, ఈ ట్రక్కులో కాలితో తొక్కే స్టార్టర్ పెడల్‌ను అదిమిన మొదటి క్షణంలోనే సమాధానం వినపడుతుంది. పింగాణీ పళ్ళెంలో మేకులు కలిపిన చప్పుడు. వోల్టులు మారినంత మాత్రాన రింగు మార్చనక్కర్లేదు. 139 పళ్ళు ఉంచి, 6 వోల్టుల స్టార్టర్‌కే 12 వోల్టులిచ్చి ఏళ్ళ తరబడి నడుపుతున్నవాళ్ళున్నారు. అది కాస్త ఉత్సాహంగా తిరుగుతుంది, పది సెకన్లకు మించి తొక్కిపెట్టకుండా ఉంటే బతికిపోతుంది.

ఆరు సిలిండర్లు తీసి షెవర్లే వి8 పెట్టేవాళ్ళకు ఇంకో లెక్క. అక్కడ ఫ్లైవీళ్ళు రెండు సైజులు, 153 పళ్ళది, 168 పళ్ళది. ఈ పళ్ళ సంఖ్యను 12తో భాగిస్తే వ్యాసం అంగుళాల్లో వచ్చేస్తుంది. 153కు 12.75, 168కి 14. చిన్నదాని మీద 10.4 అంగుళాల క్లచ్, పెద్దదాని మీద 11 అంగుళాలది. పెద్దది మంచిదని 168 తెచ్చుకుంటే, ఫ్లైవీల్‌నూ క్లచ్‌నూ కప్పి ఉండే బెల్ హౌసింగ్‌లో పట్టకపోవచ్చు, స్టార్టర్ బోల్టుల వరసా మారుతుంది. చిన్నదానికి రెండు బోల్టులూ ఎదురెదురుగా, పెద్దదానికి ఏటవాలుగా ఉంటాయి. 1986 నుంచి వచ్చిన ఇంజన్లలో వెనక ఆయిల్ సీల్ ఒకే ముక్క అయింది. దాంతో క్రాంక్‌కు ఫ్లైవీల్ బిగించే బోల్టుల వలయం 3.58 అంగుళాల నుంచి 3 అంగుళాలకు తగ్గింది. తప్పు ఫ్లైవీల్ పట్టనే పట్టదు కాబట్టి అక్కడ మోసపోయే అవకాశం లేదు.

మోసం ఉన్నది బరువులో. కొన్ని ఇంజన్లలో క్రాంక్‌ను దాని మటుకు అది తూకం సరిచూసి పంపుతారు. వాటికి ఫ్లైవీల్ ఎటువైపూ బరువు మొగ్గని చక్రం. కొన్నింటిలో క్రాంక్‌కు కావలసిన ఎదురు బరువులో కొంత ఫ్లైవీల్ మీదికి నెట్టేస్తారు, అంటే ఫ్లైవీల్‌ను కావాలనే ఒకవైపు బరువుగా చేస్తారు. షెవర్లే వి8లలో చిన్న బ్లాకు రకంలోని 400 క్యూబిక్ అంగుళాలది, పెద్ద బ్లాకు రకంలోని 454 అలాంటివి. 1986 తర్వాతి ఒంటి సీలు ఇంజన్ల ఫ్లైవీళ్ళకూ అలా బరువుంటుంది. ఫోర్డ్ 302 వి8 కథ ఇంకా చిత్రం. 1980ల మొదటి దాకా దాని ఫ్లైవీల్ మీద అదనపు బరువు 28 ఔన్స్-అంగుళాలు, తర్వాత 50. ఔన్స్-అంగుళం అంటే, కేంద్రానికి అంగుళం దూరంలో ఒక ఔన్సు పెట్టినంత ప్రభావం. రెండు ఫ్లైవీళ్ళూ ఒకే బోల్టులకు ఎక్కుతాయి, ఒకే క్లచ్ పడుతుంది, చూపుకు అన్నదమ్ములు.

50 పడాల్సిన చోట 28ది వేశారనుకోండి. తేడా 22 ఔన్సులు, అంటే సుమారు 620 గ్రాములు, అంగుళం దూరంలో. చూడబోతే ఓ పెద్ద సొరకాయ ముక్కంత. కానీ నిమిషానికి 3000 చుట్ల వేగంలో అది బయటికి లాగే బలం దాదాపు 160 కిలోలు. అదీ స్థిరంగా కాదు, సెకనుకు 50 సార్లు క్రాంక్ చుట్టూ దిక్కు మార్చుకుంటూ. ఇంజన్ వెంటనే చావదు. ముందు అద్దంలో వెనక బండి మసగ్గా కనిపిస్తుంది, తర్వాత సైలెన్సర్ బ్రాకెట్లు విరుగుతాయి, మీరు ఇంజన్ మౌంటింగులు మారుస్తారు, టైర్లు బ్యాలెన్స్ చేయిస్తారు, ప్రొపెల్లర్ షాఫ్టును అనుమానిస్తారు. అందరిమీదా అనుమానం తిరిగాక చివర్లో ఫ్లైవీల్ దగ్గరికి వస్తారు. 1953 ఫోర్డ్ ఎఫ్-100కు 302 పెట్టుకున్నవాళ్ళు ఈ ప్రదక్షిణ చేసినవాళ్ళలో తక్కువేమీ లేరు. ఇంజన్ ఏ సంవత్సరానిదో చెప్పేది బానెట్ కాదు. బ్లాకు మీద, క్రాంక్ మీద పోత అంకెలు ఉంటాయి, వాటిని చూడాలి.

పాత ఫ్లైవీల్‌ను ఉంచుకుంటే దాని ముఖాన్ని గ్రైండింగ్ చేయించాలి. వేడికి నీలం మచ్చలు, జుట్టంత పగుళ్ళు ఉంటాయి. ఇక్కడ ఒక మెట్టు ఉంది, అక్షరాలా మెట్టే. కొన్ని ఫ్లైవీళ్ళ ముఖం బల్లపరుపు. కొన్నింటిలో ప్లేటు రుద్దుకునే భాగం గిన్నెలా లోపలికి దిగి ఉంటుంది, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎత్తుగా ఉన్న అంచుకు పడతాయి. ఇలాంటిదాన్ని ఇచ్చి 'ముఖం లెవెల్ చెయ్యి' అంటే లేత్ అతను లోపలి భాగం మాత్రం 20 థౌ, అంటే అంగుళంలో వెయ్యికి 20 వంతులు, తీసి చేతికిస్తాడు. ఇప్పుడు మెట్టు లోతు పెరిగింది, ప్రెషర్ ప్లేటు అంతమేరకు ప్లేటును తక్కువగా నొక్కుతుంది. కొత్త క్లచ్ మొదటి రోజునుంచే జారుతుంది. లోపల ఎంత తీస్తే అంచూ అంతే తియ్యాలి, లోతు మారకూడదు. ఈ మాట నోటితో చెబితే చాలదు, కాగితం మీద రాసి ఫ్లైవీల్‌కు అంటించండి.

రిలీజ్ బేరింగు దగ్గర చెయ్యి తడబడేంతగా మరెక్కడా తడబడదు. పెడల్ తొక్కితే ఫోర్కు ఈ బేరింగును ముందుకు తోస్తుంది, అది ప్రెషర్ ప్లేటు వేళ్ళను నొక్కుతుంది, ప్లేటు వదులవుతుంది. జనరల్ మోటార్స్ బేరింగులు రెండు పొడవుల్లో వచ్చాయి, తేడా సుమారు అర అంగుళం. రెండూ గేర్‌బాక్స్ ముందు భాగంలో ఉండే ఒకే రిటెయినర్ మీద జారతాయి, ఒకే ఫోర్కుకు పడతాయి. వాటిలో ఏది కావాలో చెప్పేది గేర్‌బాక్స్ కాదు, ప్రెషర్ ప్లేటు వేళ్ళు. కొన్ని డయాఫ్రం రకం ప్రెషర్ ప్లేట్ల వేళ్ళు బేరింగు వైపు వంగి పైకి లేచి ఉంటాయి, కొన్నింటివి చదునుగా ఉంటాయి. లేచినవాటికి పొట్టి బేరింగు, చదునువాటికి పొడుగుది. చదునుకు పొట్టిది పెడితే సగం పెడల్ గాల్లో పోతుంది, మిగతా సగం చాలదు, గేరు కరకరమంటుంది. లేచినవాటికి పొడుగుది పెడితే కాలు తీసినా బేరింగు వేళ్ళను నొక్కుతూనే ఉంటుంది. క్లచ్ జారుతుంది, బేరింగు రోజంతా ఏడుస్తుంది, ఫోర్కు బెల్ హౌసింగ్ కిటికీ అంచుకు తగిలి ఆగిపోతుంది.

దీన్ని సరిచెయ్యడానికి అందరూ మొదట చేసే పని పెడల్ రాడ్డు పొడుగు తిప్పడం. రాడ్డు తిప్పితే ఫోర్కు మొదలయ్యే చోటు మారుతుంది, అది కదిలే దూరం మారదు. కూర్చునే కొలత తప్పయినప్పుడు దాన్ని కడ్డీతో సర్దడమంటే పొట్టి లాగూను బెల్టుతో పొడుగు చెయ్యడం. బాక్స్ ఎక్కించకముందే ఫోర్కు, బేరింగు పెట్టి, వేళ్ళకు ఆనేదాకా చేత్తో జరిపి చూడండి. ఆనినప్పుడు ఫోర్కు బెల్ హౌసింగ్ కిటికీలో మధ్యకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. లేకపోతే మార్చాల్సింది బేరింగు, లేదా ఫోర్కు ఆనే గుండు బోల్టు ఎత్తు.

బెల్ హౌసింగ్ విషయానికి ఇంకా రాలేదు కదూ. ఈ షెవర్లే ట్రక్కులో దాన్ని తీసి పారేసి కొత్త బాక్స్‌ది పెడదామంటే కుదరదు, ఎందుకంటే ఇంజన్ వెనక భాగం ఛాసిస్ మీద ఆనేదే బెల్ హౌసింగ్ చెవుల మీద. అది తీస్తే ఇంజన్ కూర్చునే చోటే పోతుంది. కాబట్టి హౌసింగ్ ఉంచి, దానికీ టీ5కూ మధ్య ఒక అడాప్టర్ పలక పెడతారు. పలక మందం ఎంతో, షాఫ్టు ముక్కు అంత వెనక్కు వస్తుంది. అందుకే రెండు కొలతలు తీసుకోవాలి. హౌసింగ్ వెనక ముఖం నుంచి పైలట్ బుష్ దాకా ఎంత లోతు, బాక్స్ ముఖం నుంచి షాఫ్టు కొస దాకా ఎంత పొడవు. ముక్కు బుష్‌లోకి చాలినంత దూరాలి, గుంట అడుగుకు తగలకూడదు. తగిలిందంటే బోల్టులు బిగిస్తున్న కొద్దీ షాఫ్టు క్రాంక్‌ను ముందుకు నెట్టుకుంటూ పోతుంది, ఇంజన్ థ్రస్ట్ బేరింగు మొదటి గంటలోనే అయిపోతుంది. బాక్స్ చేత్తో తోస్తే హౌసింగ్‌కు పూర్తిగా ఆనాలి. వేలెడు ఖాళీ ఉండగా బోల్టులతో లాగి మూసేవాళ్ళు కొత్త బాక్స్ చెవి విరిగినప్పుడు కంపెనీ పోత మంచిది కాదంటారు.

బాక్స్ ముందు భాగంలోని ఆ రిటెయినర్ గుండ్రని ముక్క, అది హౌసింగ్ రంధ్రంలో కూర్చుని బాక్స్‌ను నడిమధ్యన నిలబెడుతుంది. ఎస్‌ఎం420కి దాని వ్యాసం 4.686 అంగుళాలు, దాని తర్వాత వచ్చిన ఎస్‌ఎం465కు 5.125. చిన్న ముక్కను పెద్ద రంధ్రంలో పెట్టి బోల్టులు బిగిస్తే బాక్స్ ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది. మధ్యలో రింగు కావాలి. రంధ్రం కూడా క్రాంక్‌కు నడిమధ్యన ఉందో లేదో డయల్ గేజి క్రాంక్‌కు బిగించి ఒక చుట్టు తిప్పి చూడాలి. ముల్లు మొత్తం కదలిక 5 థౌ లోపు ఉంటే మంచిది. ఎక్కువుంటే ఇంజన్ వెనక హౌసింగ్‌ను చోటున నిలిపే డోవెల్ పిన్నులు తీసి పక్కకు జరిగిన పిన్నులు వేస్తారు. ఈ పని విసుగు. మానేసినవాళ్ళకు పైలట్ బుష్ ఒకవైపే అరిగిపోవడం, నడుస్తుంటే గేరు తనంతట తనే జారి బయటికి రావడం లాంటివి ఏడాదిలోపే బహుమతిగా వస్తాయి.

ఇన్నీ సరిపోయినా 3100 యజమానికి ఇంకొకటి మిగులుతుంది. ఆ కాలపు అర టన్ను షెవర్లేలో ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి కనపడదు, గేర్‌బాక్స్ నుంచి ఇరుసు దాకా ఒక లావు గొట్టంలో ఉంటుంది. ఇరుసు మెలితిరగకుండా పట్టుకునేది ఆ గొట్టమే. టీ5 వెనక దానికి చోటు లేదు. అంటే గేర్‌బాక్స్ మారిస్తే షాఫ్టు, షాఫ్టు మారిస్తే ఇరుసు, ఇరుసు మారిస్తే బ్రేకులు. ముప్పావు టన్ను బండ్లకు ఈ బాధ లేదు, వాటి షాఫ్టు మొదటినుంచీ బయటే.

ఆ అర టన్ను ఇరుసు హౌసింగ్‌నూ ఆ గొట్టాన్నీ అలాగే ఉంచి, లోపల 4.11 పళ్ళ జోడీ తీసి 3.55 జోడీ వేసుకునే వీలు కూడా ఉంది, అమ్ముతున్నారు. 720ని 3.55తో గుణిస్తే నిమిషానికి 2556 చుట్లు. 0.86 ఐదో గేరున్న టీ5తో వచ్చేది 2545. తేడా పదకొండు చుట్లు. ఈ దారిలో ఎత్తు మీద మొదటి గేరు కాస్త బరువుగా లాగుతుంది, క్లచ్‌ను ముట్టుకోనక్కర్లేదు.